పాయింట్లు సమానమే, బలం మాత్రం కాదు: సరదా ఆటల రోజున ఏం చేయాలి? (నల్గొండ)

ఫ్లెక్స్_అన్న_నల్గొండ:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పోయిన ఆదివారం ఒక మ్యాచ్ చూశాక మనసు ఊరుకోక రాస్తున్నాను.

క్లాక్ టవర్ దగ్గర నాకు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. షాపు పైన హాలు ఖాళీగా ఉంటుంది కాబట్టి నెలకో ఆదివారం అక్కడ వార్‌హామర్ 40,000 ఆడుకుంటున్నాం, అంటే చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద పాచికలు వేసి ఆడే యుద్ధం ఆట. మ్యాట్లు నేనే ప్రింట్ చేస్తాను. ఐదడుగుల పొడవు, మూడడుగుల ఎనిమిది అంగుళాల వెడల్పు, ట్యూబ్‌లైట్ పడితే కళ్లలో కొట్టకుండా మెరుపు లేని ఫ్లెక్స్. ప్లైవుడ్ షీట్లు కోయించి బల్లల మీద పరిస్తే టేబుల్ తయారు. నల్గొండ వాళ్లు కాక మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి కూడా ఒకరిద్దరు వస్తారు. ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లలే.

ఈసారి ఎనిమిది మంది అయ్యారు. నేను పెట్టిన పోస్టర్ ఇదీ: "సరదా ఆటల రోజు. 1000 పాయింట్లు. మూడు రౌండ్లు. మొదటి స్థానానికి పెయింట్ సెట్ బహుమతి."

ఈ ఆట కొత్తవాళ్ల కోసం ఒక మాట. ప్రతి యూనిట్‌కీ, అంటే కలిసి కదిలే బొమ్మల జట్టుకో ఒక పెద్ద యంత్రానికో, పాయింట్లలో ఒక ధర ఉంటుంది. ఇద్దరూ ఒకే మొత్తానికి సైన్యం కూర్చుకుని రావాలి. పెద్ద టోర్నమెంట్లలో 2000 పాయింట్లు మామూలు, మేం టైమ్ చూసుకుని 1000 ఆడతాం. పైకి చూస్తే ఇద్దరి బలం సమానంగానే అనిపిస్తుంది.

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు వస్తాడు, బీటెక్ మొదటి సంవత్సరం. స్పేస్ మెరీన్స్ అనే కవచాల సిపాయిల సైన్యంతో ఆడతాడు. మిఠాయి డబ్బాలో స్పాంజి పరిచి, ఒక్కో బొమ్మకూ ఒక్కో గుంట కోసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తాడు. ఒక్కసారి ఆ బొమ్మల్ని దగ్గరగా చూడాలి మీరు. హెల్మెట్‌లో కళ్లకు రెండు ఎర్ర చుక్కలు, భుజం కవచం అంచు వెంట లేత నీలం గీత, అదీ వెంట్రుకంత సన్నం. బూట్ల దగ్గర మన ఎర్రమట్టి రంగు. ఆ మట్టి కూడా రంగు కలిపింది కాదు, వాళ్ల ఇంటి వెనకది జల్లెడ పట్టి ఫెవికాల్‌తో అంటించాడు. సైన్యంలో దాదాపు అందరూ కాలాళ్లే, ఎందుకంటే అతను కొనుక్కోగలిగింది అంతే.

మొదటి రౌండ్‌కి చీట్లు తీశాం. అతనికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్లేయర్ తగిలాడు. ఆ ప్లేయర్‌ది ఇంపీరియల్ నైట్స్ అనే సైన్యం. అందులో కాలాళ్లు ఉండరు, అన్నీ నడిచే యుద్ధ యంత్రాలే. పెద్దది ఒకటి, చిన్నవి నాలుగు. సరిగ్గా 1000 పాయింట్ల లోపే.

ఆట ఎలా జరిగిందో లెక్కతోనే చెప్తాను, అప్పుడే అర్థమవుతుంది. పది మంది మెరీన్లు తుపాకీ పేలిస్తే మనిషికి రెండు చొప్పున 20 పాచికలు. మూడు, ఆపైన పడితే తగిలినట్టు, అంటే సగటున 13. వాళ్ల తుపాకీ బలం 4. నైట్ యంత్రం టఫ్‌నెస్ (దెబ్బ తట్టుకునే గట్టిదనం అంకె) అందుకు రెండింతలకు పైనే, కాబట్టి ఆరు పడితేనే గాయం. 13లో రెండు మిగిలాయి. వాటిలో ఒకటి కవచం ఆపేస్తుంది. పది మంది కలిసి కాలిస్తే చివరికి ఒక్క దెబ్బ! ఆ పెద్ద యంత్రానికేమో ఇరవైకి పైగా దెబ్బలు ఓర్చుకునే శక్తి ఉంది. ట్యాంకుల్ని పగలగొట్టే ఆయుధం తమ్ముడి సైన్యంలో ఒక్కటే ఉంది, మొదటి టర్న్‌లోనే దాన్ని లేపేశారు.

రెండో టర్న్ అయ్యేసరికి తమ్ముడికి మిగిలింది నలుగురు సిపాయిలు. ఆటకు ఐదు టర్న్‌లు ఉంటాయి కదా, అతను రూల్ ప్రకారం నిలబడి పాచికలు వేస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ ఆరు కోసం చూస్తూ. స్కోర్ షీట్‌లో అతనికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం సైన్యం మొత్తం పెయింట్ చేసి ఉన్నందుకు ఇచ్చే 10 పాయింట్లే. మధ్యాహ్నం అన్నం తిన్నాక "ఇంటి దగ్గర పనుంది అన్నా" అని బస్సెక్కి వెళ్లిపోయాడు. రెండో రౌండ్ ఆడలేదు.

హైదరాబాద్ అతను మంచివాడు, ఇది గట్టిగా చెప్పాలి. ప్రతి కొలతా టేపు పెట్టి చూపించాడు. ఒక్క పాచిక కింద పడితే తీసి మళ్లీ వేశాడు. చేయి కలిపి "బాగా ఆడావ్" అన్నాడు. రూల్ తప్పింది ఎక్కడా లేదు.

నా ప్రశ్న ఇది. సరదా ఆటలకు సైన్యం మీద కట్టడి పెట్టాలా? "పెద్ద యంత్రాలు తేవొద్దు" అంటే ఉన్నది అదొక్కటే అయినవాళ్లు ఏం చేయాలి? కొన్నిచోట్ల ప్రత్యర్థి క్రీడాస్ఫూర్తికి మార్కులు వేయిస్తారని విన్నాను, అది పనిచేస్తుందా? ఆ తమ్ముడు వచ్చే నెల మళ్లీ రావాలి, వచ్చి మూడు రౌండ్లూ ఆడి వెళ్లాలి. హైదరాబాద్ అతను కూడా రావాలి. ఇద్దరూ ఒకే హాలులో సంతోషంగా ఆడుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.


పాలమూరు_బ్రష్:

అన్నా, లిస్టుల (ఎవరు ఏ సైన్యం తెస్తారన్న) సంగతి తర్వాత. మీ టేబుల్ ఫోటోలు గ్రూపులో చూశాను. ఒక్కో టేబుల్ మీద ఐదు ముక్కలే ఉన్నాయి, అవి కూడా బొమ్మల మోకాలెత్తు గోడలు. అలాంటి బయలు మీద దూరం కాల్చే సైన్యం ముందు ఎవరిని నిలబెట్టినా మొదటి టర్న్‌కే సగం పోతారు. నైట్స్ కాకుండా మామూలు ట్యాంకులు ఉన్నా ఇదే గతి.

చూపు ఆపే పెద్ద ముక్కలు కావాలి. టేబుల్ మధ్యలో రెండు శిథిల భవనాలు, ఇద్దరి వైపూ రెండేసి. ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డం లేకుండా చూపు పోయే దారి ఒక్కటి కూడా మిగలొద్దు. కాలాళ్లు శిథిలాల గోడల్లోంచి నడిచిపోవచ్చు, నైట్ లాంటి యంత్రం చుట్టూ తిరిగి రావాలి. ఇక్కడే కాలాళ్లకు బలం వస్తుంది. ఆబ్జెక్టివ్ (టేబుల్ మీద పట్టుకోవాల్సిన జాగా) ఎవరిదో తేల్చేది ఎంతమందిని చంపారన్న లెక్క కాదు కదా, దాని దగ్గర నిలబడ్డ బొమ్మలకు ఒక్కోదానికీ ఉండే కంట్రోల్ అంకెల మొత్తం. పది మంది దాక్కుంటూ వెళ్లి నిలబడగలిగితే యంత్రానికి కూడా ఇబ్బందే.

మీ దగ్గర డబ్బులు పెట్టాల్సిన పని కూడా లేదు. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షాపుల వెనక ప్యాకింగ్ థర్మకోల్ కుప్పలుగా పడేస్తారు. ఎనిమిది అంగుళాల ఎత్తుకి ముక్కలు కోసి, కిటికీలు బ్లేడుతో తీసి, పాత ఫ్లెక్స్ ముక్కను కింద బేస్‌గా అంటించండి. స్ప్రే పెయింట్ మాత్రం నేరుగా కొట్టొద్దు, థర్మకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి రెండు పూతలు వేసి బాగా ఆరనిచ్చి, తర్వాత బ్రష్‌తో గోడల రంగు వేయండి. నేను మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో నాలుగు టేబుళ్లకు సరిపడా ఇలాగే చేశాను. కావాలంటే ఒక బస్తా నింపి పంపిస్తాను.


సాగర్_గేట్_26:

ఓడిపోతే బాధపడటం ఏంటి బ్రదర్? మేం అందరం ఓడిపోయే నేర్చుకున్నాం. ఇలా ప్రతిదానికీ కట్టడి పెడితే పిల్లలు ఎప్పటికీ గట్టిపడరు. ఆ తమ్ముడికి చెప్పండి, ట్యాంకుల్ని కొట్టే యూనిట్ ఇంకొకటి కొనుక్కోమని.


ఫ్లెక్స్_అన్న_నల్గొండ:

@సాగర్_గేట్_26 ఓడిపోయినందుకు బాధపడి వెళ్లాడనుకుంటే మీరు పొరబడ్డట్టే. అంతకు ముందు నెల అతను మూడు ఆటలూ ఓడాడు, సాయంత్రం ఏడింటి దాకా ఉండి టేబుళ్లు మడతపెట్టి మరీ వెళ్లాడు. ఆ ఆటల్లో ప్రతి టర్న్‌లోనూ అతను ఆలోచించాల్సింది ఏదో ఒకటి ఉంది. ఇటు పోవాలా, అటు పోవాలా, ఇప్పుడు కాల్చాలా, ఆగాలా అని. ఈసారి అతను తీసుకోవాల్సిన నిర్ణయం అంటూ ఏదీ మిగల్లేదు. ఏం చేసినా ఆరు పడాలి, పడినా ఒకే దెబ్బ. రెండు గంటల పాటు ఆటగాడిగా కాకుండా పాచికలు వేసే మనిషిగా కూర్చున్నాడు. నాకు కష్టంగా అనిపించింది అదే.

ఇక కొనుక్కోమని చెప్పడం. హాస్టల్ ఫీజు కట్టుకునే పిల్లాడికి నేనైతే ఆ మాట చెప్పలేను. ఒక యూనిట్ కొని, అతికించి, అతను వేసే తీరులో రంగు వేయాలంటే నెలలు పడుతుంది.

@పాలమూరు_బ్రష్ బస్తా పంపండి తమ్ముడూ, బస్సు చార్జీ నేను పెట్టుకుంటా. టేబుల్ మీద అడ్డాలు తక్కువని నిజంగా ఇంత తేడా వస్తుందని ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ.


ఎల్బీనగర్_డైస్:

అన్నా, ఆ వచ్చింది నేను కాదు గానీ నాలాంటివాడే. అవతలి వైపు నుంచి చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

నా దగ్గర ఉన్నది ఒకే సైన్యం. హైదరాబాద్‌లో టోర్నమెంట్లు ఆడతాను కాబట్టి దాన్ని ఆ ఆటకు తగ్గట్టే కూర్చుకున్నాను. ఒక ఊరి నుంచి "1000 పాయింట్లు, మూడు రౌండ్లు, మొదటి స్థానానికి బహుమతి" అని పోస్టర్ వస్తే నాకు కనిపించేది టోర్నమెంటే. పైన "సరదా" అని ఒక మాట ఉన్నా, కింద ఉన్న మూడు మాటలు వేరే సంగతి చెప్తున్నాయి. నూరు కిలోమీటర్లు బండి నడుపుకుని వచ్చినవాడు చేతనైనంత బాగా ఆడతాడు. సగం మనసుతో ఆడితే ఎదుటివాడికి తెలిసిపోతుంది, అది ఇంకా అవమానం.

కాబట్టి మొదట ఆ బహుమతి తీసేయండి. లేదంటే వచ్చినవాళ్లందరి పేర్లూ వేసి చీటీ తీసి ఇవ్వండి. గెలుపు మీద వస్తువు లేకపోతే ఇంట్లో బలహీనమైన యూనిట్లు ఉన్నవాళ్లు కూడా అవి బయటకు తీస్తారు.

రెండోది, జతలు కలిపే పద్ధతి. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లను, ఓడినవాళ్లకు ఓడినవాళ్లను కలిపే స్విస్ పద్ధతిలో రెండో రౌండ్ నుంచి తేడా దానంతటదే తగ్గుతుంది. కష్టమంతా మొదటి రౌండ్‌తోనే, అక్కడ మీరు చీట్లు తీశారు. చీట్లు వద్దు. రెండు రోజుల ముందే అందరి లిస్టులూ తెప్పించుకుని, కొత్తవాళ్లకు కొత్తవాళ్లనో, టేబుల్ మీద బోధించే ఓపిక ఉన్న పాతవాళ్లనో మీరే కలపండి. ఎనిమిది మందికి పది నిమిషాల పని.

క్రీడాస్ఫూర్తి మార్కుల జోలికి మాత్రం పోవద్దని నా సలహా. పాత రోజుల్లో చాలా టోర్నమెంట్లలో అవి ఉండేవి. ఓడినవాడు కోపంలో తక్కువ వేసేవాడు, పై స్థానం కోసం చూసేవాడు పక్కవాడిని కిందికి లాగడానికి తక్కువ వేసేవాడు. సైన్యం కూర్పుకి మార్కులు పెట్టినా అంతే, ఏది "అతి" అన్నదాని మీద గొడవ. దానికి బదులు రోజు చివర్లో ఒక్కొక్కరి చేతా ఒక్క చీటీ రాయించండి: ఈ రోజు నేను ఎవరితో ఆడిన ఆట నాకు బాగా నచ్చింది. ఎవరికీ తక్కువ వేసే వీలుండదు. ఎక్కువ చీట్లు వచ్చినవాళ్లకు చప్పట్లు చాలు.

ఇక మూడోది మాలాంటివాళ్లు చేయాల్సింది. బొమ్మలు టేబుల్ మీద పెట్టకముందే నేను ఎదుటివాళ్లను అడుగుతాను: ఎన్నాళ్లుగా ఆడుతున్నావ్, ఈ రోజు నేర్చుకుందామని వచ్చావా గట్టిగా ఆడదామని వచ్చావా, పెద్ద బండ్లను కొట్టే ఆయుధాలు నీ దగ్గర ఏమున్నాయి. ఏమీ లేవంటే నా లిస్టులో ఒక యంత్రం తీసేసి 850కే ఆడతాను, లేదా మొదటి టర్న్ వాళ్లకు ఇస్తాను. ఇది చెప్పేటప్పుడు జాలి పడుతున్నట్టు ఉండకూడదు. "ఇలా అయితే మనిద్దరికీ ఆట బాగుంటుంది" అని మామూలుగా అనాలి. నా సైన్యంలో దొంగదెబ్బ లాంటి రూల్స్ ఏమున్నాయో అన్నీ ముందే చెప్పేస్తాను. "ఈ యూనిట్ నీ టర్న్‌లో కూడా కాల్చగలదు, దగ్గరికి వచ్చేముందు చూసుకో" అని. తెలియక చచ్చిన బొమ్మ వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు.

మీ దగ్గరికి వచ్చినతను కొలతల్లో అంత నిజాయితీగా ఉన్నాడంటే, ఈ మాట ముందు చెప్పి ఉంటే తప్పకుండా వినేవాడు.


ఫ్లెక్స్_అన్న_నల్గొండ:

@ఎల్బీనగర్_డైస్ చాలా థాంక్స్ తమ్ముడూ. పోస్టర్ సంగతి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. రోజూ ఊరందరి పోస్టర్లూ వేసేవాణ్ణి, మొదట కంటికి ఏది తగులుతుందో నాకు తెలుసు. పెద్ద అక్షరాల్లో ఉన్నది బహుమతే.


దేవరకొండ_లెక్కల_సార్:

నాకు మీ నైట్స్, మెరీన్స్ అంతగా తెలియవు. మా బళ్లో పిల్లల చేత సాయంత్రాలు బోర్డు ఆటలు ఆడిస్తుంటాను, మా తమ్ముడి కొడుకు ఈ చర్చ చూపించాడు. ఒక సంగతి చెప్పాలనిపించింది.

మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. బలం ఎక్కడా సమానం కాదు. పులి దూకి మేకను తినేస్తుంది, మేక పులిని ఏమీ చేయలేదు. అయినా గుళ్ల అరుగుల మీద, బండల మీద గీతలు చెక్కుకుని మరీ తరతరాలు ఆడారు. ఎందుకు విసుగు రాలేదు? మేకకు పులిని చంపే పని పెట్టలేదు. కదలకుండా చుట్టూ కట్టేస్తే చాలు, గెలిచినట్టే. పులికి ఒక పని, మేకకు ఇంకో పని. మీ తమ్ముడికి మీరు మేకలిచ్చి పులి పని చేయమన్నారు.

ఇంకొకటి. మా పిల్లలు ఒక్క ఆటతో లేవరు. ఒకసారి పులులు నేను, మేకలు నువ్వు. తర్వాత తిప్పుకుంటారు. పులులతో ఎవరు ఎక్కువ మేకల్ని తిన్నారో చూస్తారు. అప్పుడు గెలుపు బోర్డుది కాదు, మనిషిది అవుతుంది. పోయిన వారం ఏడో తరగతి అమ్మాయి మేకలతో పులులన్నిటినీ కట్టేసింది, మూడే మేకలు పోగొట్టుకుని. ఎదురుగా ఉన్నది పదో తరగతి అబ్బాయి. అతను వెంటనే "ఇప్పుడు నాకు మేకలు ఇవ్వు, ఎలా చేశావో చూస్తా" అన్నాడు.

మీరు కూడా సైన్యాలు మార్చుకుని రెండోసారి ఆడిస్తే ఎలా ఉంటుంది? ఆ యంత్రాలతో ఆడటం ఆ పిల్లాడికీ ఇష్టంగానే ఉంటుంది కదా. మెరీన్లతో ఆడటం ఎంత కష్టమో ఆ పెద్దాయనకు కూడా చేతికి తెలుస్తుంది.


ఫ్లెక్స్_అన్న_నల్గొండ:

సార్, మీరు రాయడం మా అదృష్టం. మార్చుకునే ఆలోచన నాకు బాగా నచ్చింది. ఒక్క చిక్కు ఉంది. ఈ బొమ్మలు రెసిన్‌వీ ప్లాస్టిక్‌వీ, కత్తి మొన పట్టుకుంటే విరుగుతుంది, చెమట చేతులకు రంగు పోతుంది. చాలామంది తమ బొమ్మల్ని ఇంకొకరు ముట్టుకోవడం ఇష్టపడరు, అది న్యాయమే. ఆలోచిస్తే ఒక దారి తోచింది: బొమ్మల్ని కదిపేది ఎప్పుడూ సొంతదారే, ఎటు కదపాలో చెప్పేది మాత్రం అవతలి మనిషి. టైమ్ కోసం 500 పాయింట్లకు దిగాలి, లేకపోతే రెండేసి ఆటలు ఒక పూటలో అవ్వవు.


మాజీ_హవల్దార్_జడ్చర్ల:

తమ్మీ, సార్ చెప్పిందే నేను మా భాషలో చెప్తా. ఫౌజ్‌లో ఇసుక మీద నేల నమూనా చేసి ఆఫీసర్లు, జవాన్లు దాని చుట్టూ నిలబడి చర్చ చేస్తారు. ఆ ఎక్సర్‌సైజ్‌లో రెండు వైపులా సమాన బలం పెట్టి ఎవరూ మొదలుపెట్టరు. దాడి చేసేవాడికి మూడింతలుండాలని లెక్క. తక్కువ ఉన్నవాడికి ఇచ్చే పని వేరుగా ఉంటుంది: ఆపు, ఆలస్యం చెయ్, ఫలానా టైమ్ దాకా నిలబడు.

1971 పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబర్ 4 రాత్రి, రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోస్ట్ తీసుకో. మన 23 పంజాబ్ బెటాలియన్‌కి చెందిన ఒక కంపెనీ, దాదాపు 120 మంది, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వం. ఎదురుగా ట్యాంకులతో వచ్చిన పెద్ద పాకిస్తాన్ బలగం. మన కంపెనీ ముందున్న పని ఆ ట్యాంకులన్నిటినీ పేల్చేయడం కాదు, తెల్లారేదాకా పోస్ట్ వదలకపోవడం. తెల్లారగానే జైసల్మేర్ నుంచి మన హంటర్ యుద్ధ విమానాలొచ్చాయి. అదే లడాయిని "ఎవరు ఎక్కువ చంపితే వాళ్లు గెలిచినట్టు" అని టేబుల్ మీద పెడితే ఆ కంపెనీ ఆడేవాడికి చేయడానికి ఏముంటది? "ఐదో టర్న్ దాకా ఒక్క జవాన్ పోస్ట్‌లో ఉన్నా మనదే" అని పెట్టి చూడు, ఇద్దరికీ చెమటలు పడతాయి.

నేను 1:72 సైజు బొమ్మలతో పాత యుద్ధాలు ఆడతాను. మా దాంట్లో పాయింట్లు చూడటం తక్కువ. మీ ఆటకు పనికొచ్చేది ఒకటి చెప్తా. బలం తక్కువ ఉన్న పక్షం కాలాళ్ల యూనిట్ ఏదైనా పూర్తిగా చస్తే, తర్వాతి టర్న్‌లో వాళ్ల సొంత అంచు నుంచి మళ్లీ నిండుగా రావచ్చు. బొమ్మలు కొత్తవి అక్కర్లేదు, చచ్చినవే లేచి వస్తాయి. పెద్ద యంత్రాలవాడికి అప్పుడు ఎంత చంపినా తీరదు, జాగా పట్టుకోవడం మీద బుర్ర పెట్టాలి.

ఇంకో మాట. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్‌విట్జ్ అనే ఆఫీసర్ యుద్ధం ఆట రూల్స్ రాసిచ్చినప్పుడే మధ్యలో అంపైర్‌ని పెట్టాడు. ఇద్దరూ ఆయనకు ఆర్డర్లిచ్చేవాళ్లు, ఫలితం ఆయన చెప్పేవాడు. నీ హాలులో నువ్వు కూడా ఆడుతున్నావా? ఆడకు. టేబుళ్ల మధ్య తిరుగు. ఎవడైనా రెండో టర్న్‌కే ఖాళీ అయిపోతున్నాడంటే అక్కడికి పోయి, ఇద్దర్నీ అడిగి, అక్కడికక్కడే పని మార్చేసేయ్. ఆ అధికారం నీకు ఉందని పొద్దున్నే అందరి ముందు చెప్పాలి, మధ్యలో చెప్తే లడాయి అవుతది.


సాగర్_గేట్_26:

చచ్చినవాళ్లు తిరిగి రావడం ఐడియా బాగుంది హవల్దార్ సాబ్. పిల్లలు కొనుక్కోవాలని నేనన్న మాట కంటే ఇది నయం. నా దగ్గర నైట్స్ లేవు గానీ ట్యాంకులు మూడున్నాయి, వాటితో ఒకసారి ఆడి చూస్తాను.


ఫ్లెక్స్_అన్న_నల్గొండ:

అందరివీ కలిపి వచ్చే నెల పోస్టర్ రాశాను. ప్రింట్‌కి వెళ్లే ముందు ఒకసారి చూడండి.

"కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసి ఆడుకునే రోజు. స్థానాలు లేవు, బహుమతి చీటీ తీసి ఇస్తాం. పొద్దున 1000 పాయింట్ల ఆట ఒకటి. మధ్యాహ్నం 500 పాయింట్లతో రెండు ఆటలు, రెండోదానికి సైన్యాలు మార్చుకుంటాం, బొమ్మల్ని సొంతదారే కదుపుతారు. లిస్టు శుక్రవారం లోపు పంపాలి, మొదటి జతలు నిర్వాహకుడు కలుపుతాడు. ఎలాంటి సైన్యమైనా తేవచ్చు. అవతలివాళ్ల ఆయుధాలు పనిచేయనంత భారీ సైన్యం అయితే ఆ టేబుల్‌కి వేరే మిషన్ (గెలవడానికి వేరే పని) ఇస్తాం. నిర్వాహకుడు ఆడడు."

హైదరాబాద్ అతనికి ఫోన్ చేశాను. విషయం చెప్పగానే "ఆ అబ్బాయి వెళ్లిపోయింది అందుకా?" అని అడిగి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోంగేవాలా మిషన్ గురించి చెప్తే, నైట్స్‌తో దాడి చేసే పక్షం తనకే కావాలన్నాడు. మిర్యాలగూడ తమ్ముడికి నిన్న మెసేజ్ పెట్టాను. పరీక్షలున్నాయట, పొద్దున ఆటకు వచ్చి తర్వాత చూస్తానన్నాడు. పొద్దున ఆటలో వాళ్లిద్దరినీ కలపాలా, వద్దా? నాకైతే కలపాలనే ఉంది.


ఎల్బీనగర్_డైస్:

కలపొద్దు అన్నా, పొద్దున మాత్రం. ఆ తమ్ముడికి మొదటి ఆట అతని స్థాయివాళ్లతో పెట్టండి. మధ్యాహ్నం 500కి వాళ్లిద్దరినీ కలపండి, అప్పుడు సైన్యాలు మార్చుకుంటారు కాబట్టి అతనికి నైట్స్ నడిపే అవకాశం కూడా వస్తుంది. ఆ సంగతి ఇప్పుడే మెసేజ్‌లో చెప్పండి, మధ్యాహ్నం దాకా ఉంటాడు. 500లో పెద్ద నైట్ పట్టినా దాని పక్కన ఇంకేమీ పెద్దగా పట్టదు, చిన్నవి మూడు తెమ్మనండి. పోస్టర్‌లో ఒక్క మార్పు: "భారీ సైన్యం" అంటే ఎవరికి వాళ్లు తమది కాదనుకుంటారు. "సగానికి పైగా పాయింట్లు వాహనాలు, పెద్ద యంత్రాల మీద ఉంటే" అని రాయండి.


పాలమూరు_బ్రష్:

బస్తా రేపు పొద్దున బస్సులో వేస్తున్నా అన్నా. ఆరు భవనాలు, నాలుగు విరిగిన గోడలు. ఒక భవనం పై అంతస్తు ఊడొస్తుంది, కావాలనే అలా చేశాను, లోపల బొమ్మలు పెట్టుకోవడానికి. అతికించేయకండి.